మిషన్ చెవిలో దూది

సఫూరా భయమంతా ఒక్కటే: తను చూపు తిప్పిన ఆ ఒక్క నిమిషంలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందని.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ముబష్షిరా ఎనిమిదో నెల పడీ పడకముందే పుట్టింది. కామారెడ్డిలో పిల్లల ఆసుపత్రిలో, అద్దాల పెట్టెలో ఇరవై రెండు రోజులుంది. ఆ ఇరవై రెండు రోజుల్లో రెండుసార్లు ఊపిరి మర్చిపోయింది. మర్చిపోవడం అన్నది నర్సు కృపారాణి మాట. "నెల తక్కువ పిల్లలు గంతేనమ్మా, ఊపిరి తీసుడు మర్చిపోతరు. అరికాలు మీద వేలుతోటి గట్టిగ కొడితే యాదికొస్తది" అని, ఏదో పాలపీక తుడవడం నేర్పినంత మామూలుగా నేర్పింది. ఇంటికి పంపే రోజు ఇంకో మాట కూడా చెప్పింది. "మిషన్ల మీద అంకెలు చూసుకుంట కూసోకు. పెదవులు చూడు, కడుపు చూడు."

సఫూరా తలూపింది. కానీ కళ్ళు ఎన్ని గంటలు తెరిచి ఉంచగలదు మనిషి? కామారెడ్డిలోనే ఉన్న పుట్టింట్లో మొదటి రెండు రోజులు ఆమె గోడకు ఆనుకొని కూర్చొని, బిడ్డ కడుపు లేచి పడటమే చూస్తూ ఉండిపోయింది. మూడో రోజు కూర్చున్నచోటే తూలి, తల గోడకు కొట్టుకుంది. తల్లి ఖైసర్‌బీ చూసి నెత్తి బాదుకుంది. "బిడ్డ సంగతి తర్వాత, ముందు నువ్వు పోతవే! ఖయ్యూంకు నేనేం జవాబు చెప్పాలె?" ఖయ్యూం సఫూరా భర్త. సౌదీలో, దమ్మాంలో లారీ నడుపుతాడు. బిడ్డను ఇప్పటిదాకా ఫోన్లోనే చూశాడు.

అప్పుడే తమ్ముడు షహబాజ్ ఆ మిషన్ తెచ్చాడు.

షహబాజ్ హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తాడు. టిఫిన్ డబ్బా అంత మిషన్లు చేస్తారు వాళ్ళు. దానికో వైరు, వైరు చివర ఎర్రగా వెలిగే పట్టీ. పట్టీని బిడ్డ పాదానికి చుడితే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో తెర మీద అంకె వస్తుంది. తొంభై అయిదు, తొంభై ఏడు. పక్కన ఎర్ర గుండె బొమ్మ టక్ టక్ మని కొట్టుకుంటుంది. మూలన గడియారం. అంకె తొంభై కంటే కిందికి పోతే మిషన్ గల్లీ అంతా వినబడేలా అరుస్తుంది. ఇంకా అమ్మకానికి రాలేదు, ఇళ్ళలో పెట్టి చూస్తున్నారు. షహబాజ్ చేతికి రెండు వచ్చాయి. ఒకటి మేనకోడలికి పెట్టాడు. రెండోది ఎవరికివ్వాలో సఫూరానే చెప్పింది.

"భాగ్యశ్రీకి ఇయ్యి. ఆసుపత్రిల మా పక్క మంచమామె. ఎల్లారెడ్డిల మా అత్తగారి గల్లీ వెనకనే ఉంటది, పిండి గిర్నీ పక్కన. పాపం, ఆమె కొడుకు మన ముబ్బీ కంటే సన్నగున్నడు."

"వాళ్ళు ఒప్పుకుంటరా ఆపా?"

"నేను చెప్పిన అని చెప్పు, ఒప్పుకుంటరు."

ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి సఫూరాకు రెండు గంటలైనా వరుసగా నిద్ర పట్టింది. పక్కకు తిరిగి కన్ను తెరిస్తే చాలు, చీకట్లో అంకె కనబడేది. బిడ్డను చూసే చూపు మెల్లగా అంకె మీదికి మారింది. మారిందని ఆమెకే తెలియలేదు.

మిషన్‌లో ఒక చిన్న లోపముందని షహబాజ్ ముందే చెప్పాడు. అప్పుడప్పుడు అంకె నాలుగైదు సెకన్లు ఆలస్యంగా వస్తోందట. బల్ల మీద పెడితే రావడం లేదు ఆ లోపం, బిడ్డ కాలు కదిలించినప్పుడే వస్తోంది. అందుకని బిడ్డ తల్లి ఒడిలో మేలుకొని ఉన్నప్పుడు, పది నిమిషాలు లాప్‌టాప్ తగిలించి చూస్తానన్నాడు.

"ఏం చూస్తవు అండ్ల?" అని అడిగింది సఫూరా. పదో తరగతి సగంలో బడి మానేసింది కానీ, అడగడం మానలేదు.

"లోపల అన్నిటికీ పెద్ద ఒకటుంటది ఆపా, కెర్నల్ అంటరు. ఎవరు ముందు పని చెయ్యాలె, ఎవరు ఆగాలె, అంత అదే చెప్తది."

"అమ్మీ లెక్క."

"అమ్మీ లెక్కనే, కాని అమ్మీ అంత అరవదు." లోపలి నుంచి ఖైసర్‌బీ "వినబడుతున్నదిరా" అంది. షహబాజ్ గొంతు తగ్గించాడు. "నువ్వు రొట్టెలు చేస్తున్నవనుకో. కుక్కర్ సీటీ కొట్టింది. ఏం చేస్తవు?"

"రొట్టె పెనం మీదుంటే ముందు రొట్టె తిప్పుత."

"తిప్పినంక?"

"పోయి పొయ్యి తగ్గించి, మళ్ళొచ్చి రొట్టె కాడ కూసుంట."

"గంతే. ఆ సీటీనే ఇంటరప్ట్. పాప కాలికున్న పట్టీ ఘడియఘడియకు సీటీ కొడతది, కొత్త అంకె వచ్చిందని. కెర్నల్ చేస్తున్న పని ఆపి, ఆ అంకె తీసుకొని, మళ్ళ తన పనిల పడతది. నేను ఈ లాప్‌టాప్‌తోటి ఆ కెర్నల్ భుజం మీద చెయ్యేసి, ఆగు, ఒక్కొక్క అడుగే వెయ్యి, ఎక్కడ తప్పుతున్నవో చూస్త అంట. దీన్ని డీబగ్గర్ అంటరు. కాని కష్టమేందంటే, ఒక్క అడుగు వెయ్యమంటే చాలు, ఈ సీటీ వచ్చి కొంగు పట్టి గుంజుకపోతది. నేను చూడాల్సిన తొవ్వ తప్పిపోతది."

"మరెట్ల?"

షహబాజ్ అక్క చెవుల వైపు చూశాడు. బాలింత కదా, చల్లగాలి పోకుండా ఖైసర్‌బీ రెండు చెవుల్లోనూ దూది కుక్కి, మీద స్కార్ఫ్ కట్టింది. చిల్లా నలభై రోజులూ తీయడానికి లేదు.

"గట్ల. అడుగు వేసేటప్పుడు మిషన్ చెవుల దూది పెడతం. పట్టీ సీటీ వినబడదు. అడుగయినంక తీస్తం."

"తీసుడు మర్చిపోతే?"

"మనిషి మర్చిపోతడు ఆపా, ప్రోగ్రాం మర్చిపోదు. అది రాసింది నేనే."

సఫూరా నవ్వింది. "నువ్వు రాసినవనే నా భయం. హోంవర్క్‌ల సున్నాలు ఎగబెట్టి రాసిన మొఖం నీది."

నలభయ్యో రోజు సోమవారం వచ్చింది. పొద్దున్నే ఖైసర్‌బీ కూతురికి తల స్నానం పోయించి, చెవుల్లో దూది తీసి పారేసింది. ఒక్కసారిగా లోకమంతా దగ్గరికి జరిగినట్టయింది సఫూరాకు. వీధిలో ఉల్లిగడ్డల బండి మైకు, వంటింట్లో గిన్నెల చప్పుడు, అన్నిటికంటే మించి బిడ్డ ఊపిరి. నిద్రలో ముబ్బీ పిల్లికూనలా సన్నగా గుర్రుమంటుందని ఆమెకు ఆ పొద్దుటిదాకా తెలియనే తెలియదు.

పదకొండు గంటలకు షహబాజ్ తన పది నిమిషాలకు కూర్చున్నాడు. బిడ్డ సఫూరా ఒడిలో ఉంది. లాప్‌టాప్ నుంచి మిషన్‌కు వైరు తగిలించాడు. అంకె ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. అతను గోరు కొరుక్కుంటూ ఒక్కొక్క అడుగే వేయిస్తున్నాడు.

వాకిట్లో జీపు ఆగిన చప్పుడైంది. మధ్యాహ్నం వస్తామన్న ఎల్లారెడ్డి వాళ్ళు గంటన్నర ముందే దిగారు. అత్త నజ్మా, ఆమె వెంట బురఖాల్లో నలుగురు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు వయసు పిల్లలు. ఆ ఇంట్లో పద్ధతి ఏమిటంటే, బయటి ఆడవాళ్ళు లోపలి గదిలోకి వచ్చేసరికి వయసు మగపిల్లవాడు అక్కడ ఉండకూడదు. "షాబాజ్, లెవ్వు, లెవ్వు! వెనక తలుపు నుంచి పో!" అని ఖైసర్‌బీ కేకేసింది. షహబాజ్ ఏదో మీట నొక్కాడు, వైరు గుంజాడు, లాప్‌టాప్ చంకలో పెట్టుకొని తల వంచుకొని వెనక తలుపులోంచి మాయమయ్యాడు. అంతా కలిపి మూడు సెకన్లు పట్టలేదు.

సఫూరా మిషన్ వైపు చూసింది. తొంభై ఏడు. గుండె బొమ్మ కొట్టుకుంటోంది. బిడ్డను ఉయ్యాలలో వేసి అత్తకు సలాం చేసింది.

గది నిండిపోయింది. నజ్మా వెండి గజ్జెలు తీసింది, గౌను తీసింది, డబ్బా నిండా ఖీర్ తీసింది. "మా ఖయ్యూం ముక్కే, చూడుండ్రి" అంది ఒకామె. "ముక్కు దేనికి, పొద్దున్నుంచి రాత్రి దాకా పండుడు కూడ వాడిదే" అంది నజ్మా, అందరూ నవ్వారు. సఫూరా నవ్వుతూనే ఓరగా చూసింది. తొంభై ఏడు. చాయ్ వచ్చింది. తొంభై ఏడు. "పాప మంచిది, ఒక్క ఏడుపు లేదు" అని రెండో ఆమె మెచ్చుకుంది. సఫూరా సాసర్ పట్టుకునే మళ్ళీ చూసింది.

తొంభై ఏడు.

పదిహేను రోజులుగా రాత్రీ పగలూ చూసిన అంకె అది. దాని నడక ఆమెకు తెలుసు. తొంభై అయిదుకు దిగుతుంది, తొంభై ఎనిమిదికి ఎక్కుతుంది, బిడ్డ ఆవలిస్తే ఊగుతుంది. పది సెకన్లు ఒకచోట నిలబడిన అంకె కాదు. తెర మూలన గడియారం మాత్రం పదకొండు ముప్పై రెండు నుంచి ముప్పై మూడుకు మారింది.

అప్పుడు చెవులు పని చేశాయి. గదిలో ఆరుగురి మాటలున్నాయి, గాజులున్నాయి, చెంచాలున్నాయి. పిల్లికూన గుర్రు లేదు.

సాసర్ ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు. ఉయ్యాల మీది వలగుడ్డ లాగేసింది. ముబ్బీ కళ్ళు మూసుకొని, పిడికిళ్ళు వదిలేసి, ఎంతో నెమ్మదిగా పడుకొని ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. కడుపు కదలడం లేదు. పక్కనే తెర మీద గుండె బొమ్మ టక్ టక్ మని హాయిగా కొట్టుకుంటోంది.

అరవలేదు సఫూరా. అరుపు తర్వాత వచ్చింది. ముందు చెయ్యి కదిలింది. అరికాలు మీద వేలుతో కొట్టింది. ఒకటి. రెండు. మూడు. బిడ్డను బోర్లా ముంజేతి మీద వేసుకొని వీపు రుద్దింది. మళ్ళీ అరికాలు. "ముబ్బీ, ముబ్బీ, ముబ్బీ." వెనక ఎవరో "యా అల్లాహ్" అని కూలబడ్డారు. అయిదోసారి కొట్టినప్పుడు చిన్న కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. గొంతులో ఏదో చిక్కుముడి విప్పినట్టు ఒక శబ్దం, తర్వాత ఊపిరి, ఆ వెంటనే ఏడుపు. సన్నటి, కోపపు ఏడుపు. పెదవుల నీలం మెల్లగా విరిగి ఎరుపు తిరిగింది.

ఇప్పుడు అరిచింది సఫూరా. "షాబాజ్!"

అతను పర్దా, పద్ధతి అన్నీ మరిచి లోపలికి ఉరికి వచ్చాడు. ఎవరూ ముఖం కప్పుకోలేదు. అందరి కళ్ళూ ఒక్కచోటే ఉన్నాయి. ఆ పెనుగులాటలో బిడ్డ కాలి పట్టీ ఊడిపోయి వైరు చివర వేలాడుతోంది. ఎవరి కాలికీ లేదది. ఉత్త గాలికి చుట్టుకొని ఎర్రగా వెలుగుతోంది.

తెర మీద తొంభై ఏడు. గుండె కొట్టుకుంటోంది.

"ఎవరిది?" అంది సఫూరా. "ఇది ఎవరి గుండె కొట్టుకుంటున్నది షాబాజ్?"

ఖైసర్‌బీ ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది. నజ్మా కోడలి భుజాలు పట్టుకొని కూర్చోబెట్టింది. సఫూరా అరచెయ్యి బిడ్డ కడుపు మీద పెట్టి, తీయలేదు.

"చెప్పు."

"గుండె బొమ్మ... ఉత్త బొమ్మనే ఆపా. గడియారంతోటి కొట్టుకుంటది. అందంగ ఉంటదని పెట్టినం."

"అంకె?"

"చివరిగ వచ్చిన అంకె. కొత్తది వచ్చేదాక గదే ఉంటది."

"అరుస్తదంటివి కద? ఎందుకు అరవలే?"

"చెడు అంకె వస్తే అరుస్తది."

"ఏ అంకే రాకపోతే?"

షహబాజ్ మిషన్‌ను రెండు చేతులతో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఆ ప్రశ్న ఆ కంపెనీలో ఎవరూ అడగలేదని అతని ముఖమే చెప్పింది.

"దూది," అంది సఫూరా నెమ్మదిగా. "దూది తియ్యలే నువ్వు."

"తియ్యమనే రాసిన. వీళ్ళొస్తున్నరని నడువు అని మీట నొక్కిన. నడువు అన్న మాట పోయింది, మిషన్ నడిచింది. దూది తియ్యి అన్న మాట దాని వెనక పోవాలె. అది పోకముందే వైరు గుంజిన." అతను గోడకు ఒరిగాడు. "ముందు దూది తీసి, తర్వాత నడువు అనాలె ఆపా. నేను ఎనక ముందు రాసిన. లాప్‌టాప్ పోతే ఇగ తీసేటోడు ఎవ్వడు లేడు."

బయట ఆటో హారన్ కొట్టింది. సఫూరా బిడ్డను గుండెకు హత్తుకొని లేచింది. గడప దాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది.

"షాబాజ్. శుక్రవారం ఎల్లారెడ్డి పోయినవు కద? భాగ్యశ్రీ మిషన్ చూసొస్తనని."

అతను తలెత్తాడు.

"అక్కడ ఎట్ల తీసినవు వైరు?"

అతనికి అంతా గుర్తొచ్చింది. శుక్రవారం అక్కడ ఒక్కొక్క అడుగే వేయిస్తున్నాడు. భాగ్యశ్రీ అత్త భూమక్క స్నానానికి నీళ్ళు కాచి పెట్టింది. పీటేసుకొని, కాళ్ళు చాపుకొని, నూనె గిన్నె పక్కన పెట్టుకొని కూర్చుంది. "నీ తీగలు, నీ డబ్బా అవతల పెట్టు కొడుకా, నీళ్ళు సల్లారితయి. నా మనుమడు నీ మిషన్ కోసం ఆగుతడా?" అని బిడ్డను చేతిలోంచి గుంజుకున్నంత పని చేసింది. అతను మీట నొక్కి, వైరు పీకి, లేచాడు. స్నానమయ్యాక పట్టీ మళ్ళీ చుట్టారు. అంకె ఉంది, గుండె కొట్టుకుంటోంది. నమస్తే పెట్టి బస్సెక్కాడు.

షహబాజ్ ఫోన్ తీశాడు. భాగ్యశ్రీ రోజూ ఒక ఫొటో పంపుతుంది. శుక్రవారం సాయంత్రం: తెర మీద తొంభై ఎనిమిది, గడియారం ఆరూ పది. శనివారం: తొంభై ఎనిమిది, తొమ్మిదీ నలభై. ఆదివారం: తొంభై ఎనిమిది, ఏడూ అయిదు. ఆ ఫొటో కింద రాసింది: "అన్నా బాబు మంచిగున్నడు. మీ మిషన్ పుణ్యాన రెండు రోజుల సంది నేను కూడ మంచిగ పంటున్న."

ఆ చివరి వాక్యం సఫూరా రెండుసార్లు చదివింది. ఇవాళ ఫొటో రాలేదు.

షహబాజ్ ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాడు. స్విచ్ ఆఫ్. ఆమె భర్త మహిపాల్ వరికోత మిషన్ మీద ఎక్కడో కర్ణాటక దిక్కున్నాడు, అతని ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. "మన ఇంట్ల ఎవరున్నరు అత్తమ్మా?" అంది సఫూరా. నజ్మా ఒడిలోని తాళంచెవి చూపించింది. అందరూ ఇక్కడే ఉన్నారు, ఇంటికి తాళమేసి వచ్చారు. "గిర్నీ లింబాద్రికి చెయ్యి" అని నంబరు చెప్పింది. మోగింది. ఎత్తలేదు. "గిర్నీ తిరుగుతుంటే వానికి పక్కన పిడుగు పడ్డ వినబడదు బిడ్డా" అంది నజ్మా, అని తన మాటకు తనే బిత్తరపోయి నోరు మూసుకుంది.

షహబాజ్ చెప్పులు కూడా వేసుకోలేదు. బండి తీసి, కిక్కు మీద కిక్కు కొట్టి, ఎల్లారెడ్డి రోడ్డు పట్టాడు. ఎంత తోలినా గంట పడుతుంది. ఊపిరికి గంట ఎక్కడుంది?

ఆటో ఆసుపత్రి వైపు కదిలింది. ఖైసర్‌బీ ఒక పక్క, నజ్మా ఒక పక్క, నడుమ సఫూరా. ముబ్బీ ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. ఆ ఎక్కిళ్ళను ఎవరూ ఊరుకోబెట్టలేదు. సఫూరా ఎడమ అరచెయ్యి బిడ్డ కడుపు మీదే ఉంది. లేస్తోంది, పడుతోంది. ఆమె కుడి చేత్తో ఫోన్ తీసి, ఎల్లారెడ్డి అంగన్‌వాడీ తల్లుల గ్రూపు తెరిచింది. నూట నలభై మంది ఉన్నారందులో. గుడ్లు వచ్చాయా, పాల పాకెట్లు వచ్చాయా అని తప్ప ఆమె ఎన్నడూ ఏమీ రాయలేదు. తెలుగులో ఇంత పొడుగ్గా రాసి తొమ్మిదేళ్ళయింది. గుంతల్లో ఆటో ఎగురుతుంటే, ఒక్క బొటనవేలితో, ఒక్కొక్క అక్షరమే వెతికి రాసింది:

"అక్కలకు సలాం. నేను నజ్మా కోడలు సఫూరా. ఇది ఎవరు చదివినా చేసే పని ఆపి లెవ్వుండ్రి. గిర్నీ పక్క సందుల నీలం తలుపు ఇల్లు, భూమక్క ఇల్లు. అక్కడ భాగ్యశ్రీ ఉంటది, నలభై రోజుల కొడుకున్నడు. ఫోన్ కలుస్తలేదు. పండుకొని ఉంటది, తలుపు కొట్టి లేపుండ్రి. మిషన్ మీద 98 అని ఉంటది, గుండె బొమ్మ కొట్టుకుంటది. దాన్ని నమ్మకుండ్రి, దానికి ఏం వినబడుత లేదు. బాబు పెదవులు చూడుండ్రి. కడుపు మీద చెయ్యి పెట్టి చూడుండ్రి. కదలకపోతే అరికాలు మీద వేలుతోటి గట్టిగ కొట్టుండ్రి, ఆపకుండ్రి. ఎవరో ఒకరు పోతరులే అనుకోకుండ్రి. మీరే పోయి ఒక్కసారి చూసి రాండ్రి."